పాము... ముంగిస... పావుమైలు!

ఇంట్లో అయిదారేళ్ల బుజ్జిగాడు ఉన్నాడా? అయితే వాడి బొమ్మల డబ్బా ఓసారి బోర్లించి చూడండి. చక్రాలూడిన బస్సుకీ చెయ్యి విరిగిన సూపర్‌మ్యాన్‌కీ మధ్య వేలెడంత లోహపు కారొకటి కనిపించినా కనిపించొచ్చు. తిరగేస్తే కింద 'హాట్ వీల్స్' అని ఉంటుంది. నున్నటి గచ్చు మీద ఒక్క తోపు తోశామా... రివ్వున వెళ్లి సోఫా కింద దూరుతుంది. అమ్మ చీపురు పట్టుకుని వంగితే తప్ప బయటికి రాదు.

అమెరికాలో 1968లో మార్కెట్లోకి వచ్చిందా బొమ్మ. రెండేళ్లు తిరిగేసరికి ఇద్దరు నిజం రేసర్లు ఆ బొమ్మల కంపెనీతో చేతులు కలిపారు. ఒకరి ముద్దుపేరు 'పాము'. రెండోవారి ముద్దుపేరు 'ముంగిస'. సంతలో పాములవాడు 'ఇదిగో వదులుతున్నా... అదిగో వదులుతున్నా' అంటూ గంటసేపు ఊరించి చూపించకుండానే బుట్ట సర్దేసే ఆ పోరాటాన్ని అమెరికా కుర్రకారు కళ్లారా చూసింది. కాకపోతే కోరలతో కాదు, కార్లతో. ఊరూరా జనం టికెట్లు కొని మరీ చూశారు.

ఆ ఆట పేరు డ్రాగ్ రేసింగ్. ఆ ఇద్దరి పేర్లూ చెబితే అక్కడి పెద్దవాళ్ల కళ్లు ఇప్పటికీ మెరుస్తాయి. ఎందుకంటే అది వాళ్లకి ఆట మాత్రమే కాదు. పెంకి పిల్లలుగా పేరుపడ్డ ఓ తరం మొత్తం నడిరోడ్డు మీద నుంచి పక్కకొచ్చి, పెద్దమనుషులైన కథ.

* * *

మలుపుల్లేవు... ఎదురు కార్లు లేవు

డ్రాగ్ రేసు అర్థం కావడానికి పెద్ద పరిజ్ఞానం అక్కర్లేదు. తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉండే రోడ్డు. దాని మీద పక్కపక్కనే రెండు కార్లు. కదలకుండా నిలబడ్డ చోటి నుంచి బయల్దేరాలి. పావుమైలు... అంటే 1320 అడుగులు... మన లెక్కలో 402 మీటర్లు. ముందు ఎవరు దాటితే వాళ్లు గెలిచినట్టు. ఓడినవాళ్లు ఇంటికి, గెలిచినవాళ్లు తర్వాతి రౌండుకి. అంతే!

ఇప్పుడంటే ఎలక్ట్రానిక్ దీపాల స్తంభం వెలిగి 'వెళ్లండి' అంటుంది. రంగురంగుల దీపాలతో ఉంటుందని దానికి 'క్రిస్మస్ చెట్టు' అని పేరు. అది వచ్చింది 1963లో. అంతకుముందు ఆ పని ఓ మనిషి చేసేవాడు. రెండు కార్ల మధ్యా, ముందుగా, చేతిలో జెండాతో నిలబడేవాడు. ఇద్దరు డ్రైవర్ల కళ్లలోకీ చూసి, ఒక్కసారిగా గాల్లోకి ఎగిరి జెండా ఊపేవాడు. అతడి పాదాలు నేలను తాకేలోపే రెండు కార్లూ చెరోవైపు నుంచి దూసుకుపోయేవి. కొందరు ఎంత ఎత్తుకి ఎగిరేవారంటే... రేసు కన్నా ఆ గెంతు చూడ్డానికి ముందు వరసలో కూర్చునేవాళ్లూ ఉండేవారు.

* * *

పాత ఫోర్డు... కొత్త పిచ్చి

ఇంతకీ ఈ పిచ్చి ఎక్కడ మొదలైంది? దక్షిణ కాలిఫోర్నియాలో. లాస్ ఏంజెలెస్ దాటి ఎడారివైపు వెళితే ఎండిపోయిన చెరువులు ఉంటాయి. మ్యూరాక్, ఎల్ మిరాజ్ అలాంటివే. నేల సిమెంటు చేసినంత గట్టిగా, అద్దమంత చదునుగా ఉంటుంది. 1930ల్లోనే కుర్రాళ్లు అక్కడికి పాత కార్లు తోలుకెళ్లి ఎవరిది ఎంత వేగమో కొలుచుకునేవారు. ఫోర్డు కంపెనీ 1932లో సామాన్యులకు అందే ధరలో ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌తో కారు తెచ్చింది. కొన్నాళ్లకి అవి పాతబడి చవగ్గా దొరకడం మొదలైంది. ఇంకేం కావాలి? మడ్‌గార్డులు పీకేయడం, పైకప్పు కోసేయడం, బరువున్న ప్రతిదీ ఊడదీసి పెరట్లో పడేయడం... మిగిలిన అస్థిపంజరానికే 'హాట్ రాడ్' అని పేరు.

రెండో ప్రపంచయుద్ధం ఈ పిచ్చిని రెట్టింపు చేసింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ల చేతిలో ట్యాంకులూ విమానాలూ బాగుచేసిన పనితనం ఉంది. జేబులో నాలుగు డబ్బులున్నాయి. ఒంట్లో ఇంకా తగ్గని ఉద్రేకం ఉంది. ప్రతిసారీ ఎడారిదాకా ఎవరు వెళతారు? ఊళ్లోనే, ఎర్రదీపం దగ్గర రెండు కార్లు పక్కపక్కన ఆగితే చాలు. ఓ చూపు... ఓసారి యాక్సిలరేటర్ రొద... ఆకుపచ్చ దీపం పడగానే పందెం! అర్ధరాత్రి వీధుల్లో టైర్ల కీచుమోతలు, ప్రమాదాలు, తల్లిదండ్రుల శాపనార్థాలు, పోలీసుల ఛేజింగులు. హాట్ రాడ్ కుర్రాడంటే రౌడీ అని పత్రికలు తీర్మానించేశాయి.

పెద్దలందరూ 'పట్టుకుని లోపలెయ్యండి' అంటుంటే ఒకాయన మాత్రం మరో మాట అన్నాడు. ఆయన పేరు వాలీ పార్క్స్. ఎండిన చెరువుల్లో రేసులాడి పెరిగినవాడే. 1948లో మొదలైన 'హాట్ రాడ్' పత్రికకు సంపాదకుడిగా చేశాడు. పిల్లలకు వేగం మీద ఉన్న మోజును ఏ పోలీసూ తీయలేడు, దాన్ని వీధిలోంచి తీసి ఓ పద్ధతైన చోట పెట్టడమొక్కటే మార్గమన్నది ఆయన వాదన. అందుకోసం 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ (ఎన్‌హెచ్ఆర్ఏ) పెట్టాడు. భద్రతకే అంకితం అన్నది ఆ సంస్థ నినాదం.

* * *

అర డాలరుకో ఆదివారం

పద్ధతైన చోటంటే ఎక్కడ? దానికి జవాబు కూడా యుద్ధమే ఇచ్చింది. సైన్యం వాడి వదిలేసిన రన్‌వేలు దేశమంతటా బోసిగా పడున్నాయి. తిన్నగా, పొడవుగా, గట్టిగా... డ్రాగ్ రేసు కోసమే వేసినట్టు!

కాలిఫోర్నియాలోని శాంటా ఆనా దగ్గర చిన్న విమానాశ్రయం ఉండేది. అక్కడ 1950 వేసవిలో సి.జె. హార్ట్ అనే ఆయన మిత్రులతో కలిసి ఆదివారం రేసులు మొదలుపెట్టాడు. డబ్బులు తీసుకుని క్రమం తప్పకుండా నడిపిన తొలి డ్రాగ్ స్ట్రిప్పుగా దానికి పేరు. టికెట్ అర డాలరు. చూడ్డానికొచ్చినా అంతే, పందెం కాయడానికొచ్చినా అంతే. కుర్రాళ్లు ఆయన్ని 'పాపీ' అని పిలిచేవారు... ఇంట్లో పెద్దాయన్ని పిలిచినట్టు. ఆయన భార్య పెగ్గీ కూడా ఊరికే టికెట్లు చింపుతూ కూర్చునే రకం కాదు. స్టీరింగ్ పట్టుకుని మగవాళ్లను ఓడించేది.

వారమంతా పెట్రోలు బంకులో, మెకానిక్ షెడ్డులో పనిచేసిన కుర్రాడు ఆదివారం అదే కారులో వచ్చేవాడు. రేసుకి ముందు హెడ్‌లైట్లు ఊడదీసేవాడు. సాయంత్రం మళ్లీ బిగించుకుని అదే కారులో ఇంటికెళ్లేవాడు. వెనక సీట్లో స్పానర్లు, పక్క సీట్లో తినుబండారాల పొట్లం. కార్ల రేసింగంటే గొప్పింటి బిడ్డల వ్యవహారమన్న మాట అక్కడ చెల్లలేదు.

1953 ఏప్రిల్లో పార్క్స్ సంస్థ తన తొలి అధికారిక రేసు పెట్టింది. ఎక్కడో తెలుసా? పొమోనాలోని ఎగ్జిబిషన్ మైదానం పార్కింగ్ స్థలంలో! ఊరి పోలీసులే దన్నుగా నిలిచారు. నిన్నటిదాకా వెంటపడి తరిమినవాళ్లూ తప్పించుకు పారిపోయినవాళ్లూ ఒకే చోట నిలబడి చప్పట్లు కొట్టిన రోజది. మరుసటేడు నలుగురు మనుషులు ఓ స్టేషన్ వ్యాగన్‌కి ట్రైలర్ తగిలించుకుని దేశం మీద పడ్డారు. అందులో టైమింగ్ గడియారాలు, వైర్ల చుట్టలు, మైకులు. ఊరూరా తిరిగి రేసు ఎలా పెట్టాలో, కారుని ముందుగా ఎలా తనిఖీ చేయాలో, హెల్మెట్ ఎందుకు పెట్టుకోవాలో నేర్పేవారు. ఆ యాత్ర పేరు 'డ్రాగ్ సఫారీ'. ఒకరకంగా మన ఊళ్లకొచ్చే టూరింగ్ టాకీసే!

1955లో తొలి జాతీయ పోటీలు కాన్సాస్ రాష్ట్రంలోని గ్రేట్ బెండ్‌లో పెట్టారు. తీరా ఫైనల్స్ వేళకి కుండపోత వాన. చేసేదిలేక సర్దుకుని, నవంబరులో అరిజోనా ఎడారికి వెళ్లి మిగతా రేసులు పూర్తిచేశారు. పెళ్లి ఒక ఊళ్లో, అప్పగింతలు మరో ఊళ్లో అన్నమాట.

* * *

చిత్తడి ఎలుక

వీధి కార్లతో మొదలైన ఆట నాలుగేళ్లలో రూపు మార్చుకుంది. సన్నటి పొడవాటి ఇనప చట్రం, ముందు సైకిల్ చక్రాల్లాంటి చిన్న చక్రాలు, వెనక గీతల్లేని నున్నటి వెడల్పు టైర్లు, మధ్యలో భయంకరమైన ఇంజిన్. డ్రైవరు వెనక చక్రాలకూ వెనక, చిట్టచివర కూర్చునేవాడు. పంగలకర్రలో రాయి ఉన్నట్టు ఉండేది. అందుకే దానికి 'స్లింగ్‌షాట్' అని పేరొచ్చింది. ఇంధనంగా పెట్రోలు చాల్లేదు. నైట్రోమీథేన్ వచ్చింది. ఆక్సిజన్‌ను తనలోనే మోసుకొచ్చే ద్రవం అది. దాంతో గాలి మీద అంతగా ఆధారపడకుండా ఇంజిన్ మరెంతో ఇంధనాన్ని మండించగలదు. పొగగొట్టాల్లోంచి మంటలు, కళ్లు మండించే ఘాటు, గుండెల్లో దడదడ. వేగం మరీ హద్దు మీరుతోందని 1957లో ఎన్‌హెచ్ఆర్ఏ దాన్ని నిషేధించింది కూడా. జనం మాత్రం నైట్రో మండే మైదానాలకే పోటెత్తారు. 1960ల్లో నిషేధం ఎత్తేయక తప్పలేదు. ఆ వేగాన్ని ఆపడానికి బ్రేకులు చాలక కార్ల వెనక పారాచూట్లు కట్టడం కూడా అప్పుడే మొదలైంది.

అప్పటికి కాలిఫోర్నియావాళ్లకి ఓ ధీమా... 'మమ్మల్ని మించినవాడు లేడు' అని. అవతల, దేశానికి మరో మూలనున్న ఫ్లోరిడా నుంచి ఓ మెకానిక్ వచ్చాడు. డాన్ గార్లిట్స్. చిత్తడి నేలల నుంచి వచ్చాడని ఎగతాళి. ఆయన ఆ ఎగతాళినే తీసుకుని కారుకి పేరు పెట్టేశాడు... 'స్వాంప్ ర్యాట్', చిత్తడి ఎలుక! 1959లో బేకర్స్‌ఫీల్డ్ దగ్గర జరిగిన పెద్ద పోటీకి వస్తే కాలిఫోర్నియావాళ్లే గెలిచారు. ఆయన మాత్రం తిరిగొస్తూనే ఉన్నాడు. 1964 ఆగస్టులో న్యూజెర్సీలో పావుమైలు చివర గంటకి 200 మైళ్ల... అంటే సుమారు 322 కిలోమీటర్ల... వేగం దాటి చరిత్రకెక్కాడు.

అదే గార్లిట్స్‌కి 1970 మార్చి 8న పరీక్ష ఎదురైంది. లాంగ్ బీచ్ దగ్గరున్న లయన్స్ డ్రాగ్ స్ట్రిప్. కారు కదిలిన మరుక్షణం కాళ్ల మధ్యనున్న గేర్‌బాక్సు బాంబులా పేలింది. కారు రెండు ముక్కలైంది. కుడి పాదంలో సగం పోయింది. చూడ్డానికొచ్చిన ఓ కుర్రాడు కూడా తీవ్రంగా గాయపడ్డాడు.

ఇంకొకరైతే 'చాలు బాబూ' అనేవారు. గార్లిట్స్ ఆసుపత్రి మంచం మీద పడుకుని ఒకటే ఆలోచించాడు... 'ఇంజిన్ నా ముందు ఎందుకుండాలి?' పేలితే ముక్కలు వెనక్కి పోవాలి, మంటలు వెనక్కి పోవాలి. అంటే మనిషి ముందు, ఇంజిన్ వెనక. అదివరకు అలా ప్రయత్నించినవాళ్లకి కారు తిన్నగా పోయేది కాదు. ఆయన బృందం స్టీరింగ్‌ని సరిచేసి దాన్ని దారికి తెచ్చింది. 1971 ఆరంభంలో ఆ కారుతోనే పొమోనాలో గెలిచాడు. కొద్ది ఏళ్లలో మిగతావాళ్లంతా అదే బాట పట్టారు. ఆ పాదం ఖరీదు చాలా ఎక్కువే. కానీ దానివల్ల ఎన్ని ప్రాణాలు నిలిచాయో లెక్కకట్టలేం. ఆయన కార్లలో ఒకటి వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియానికి చేరింది.

* * *

ఆ ఒక్క గెలుపు

ఇక మన పాము, ముంగిసల దగ్గరికొద్దాం. డాన్ ప్రుధోమ్ కార్లకి రంగులేసే పనిలో ఉండేవాడు. దీపం వెలిగిందో లేదో కాటేసినంత చురుగ్గా కదిలేవాడని 'పాము' అన్నారు. పాముని కొట్టేది ఎవరు? ముంగిస! అలా టామ్ మెక్యూవన్‌కి ఆ పేరు స్థిరపడింది. 1964లో లయన్స్‌లో తొలిసారి ఎదురెదురు నిలిచినప్పుడు ముంగిసే గెలిచింది. లెక్కన చూస్తే ఎక్కువ గెలుపులు పాముకే దక్కాయి. మాటకారితనంలో మాత్రం ముంగిసదే పైచేయి. బొమ్మల కంపెనీతో ఒప్పందం ఆలోచన కూడా మెక్యూవన్‌దే. 1970లో పసుపుపచ్చ కారు పాముకీ, ఎర్రకారు ముంగిసకీ తయారయ్యాయి. వాటి బుల్లి నకళ్లు దుకాణాలకెళ్లాయి. తండ్రి మైదానంలో చూసిన రేసునే కొడుకు వరండాలో ఆడుకున్నాడు. సబ్బులూ బొమ్మలూ అమ్మే కంపెనీలు రేసింగ్ వైపు చూడ్డానికి దారి చూపిన ఒప్పందాల్లో అదొకటి.

బయటికి బద్ధశత్రువులు, లోపల ప్రాణస్నేహితులు. ఆ స్నేహం లోతు 1978లో తెలిసింది. ఇండియానాపోలిస్‌లో అతిపెద్ద పోటీ. దానికి కొద్దిరోజుల ముందే మెక్యూవన్ కొడుకు లుకేమియాతో చనిపోయాడు. నాన్న రేసులంటే పడిచచ్చేవాడు. తండ్రి దుఃఖం దిగమింగుకుని వచ్చి కారెక్కాడు. ఒక్కో రౌండూ దాటుకుంటూ ఫైనల్‌కి చేరాడు. ఎదురుగా ఎవరు? పాము! ఆ రోజుల్లో ప్రుధోమ్‌ని ఓడించడం దాదాపు అసాధ్యం. వరసగా ఛాంపియన్ అవుతున్నాడు. దీపం వెలిగింది. ముంగిస గెలిచింది. ఆ రేసు గురించి పాతతరం అభిమానిని అడిగి చూడండి... వేగమెంతో, సమయమెంతో చెప్పడు. ఆ తండ్రి ముఖం గురించి చెబుతాడు. మెక్యూవన్ 2018లో కన్నుమూసినప్పుడూ అభిమానులంతా మొదట తలుచుకున్నది ఆ రోజునే.

ఈ ఆట ఆడవాళ్లను కూడా గడపలోనే ఆపాలని చూసింది. న్యూయార్క్ రాష్ట్రంలో వీధి పందేలతో మొదలుపెట్టిన షిర్లీ మల్డౌనీ ఆగలేదు. అత్యంత వేగమైన 'టాప్ ఫ్యూయల్' విభాగంలో 1973లో లైసెన్సు సంపాదించింది. అది దక్కిన తొలి మహిళ ఆమే. 1977లో ఏకంగా జాతీయ ఛాంపియన్ అయింది. 1980లో, 1982లో మళ్లీ! కారు రంగు? ముదురు గులాబీ. 'ఆడపిల్ల కారు' అని నవ్వినవాళ్లకి వెనక నుంచి ఆ రంగే కనిపించేది.

* * *

రాళ్లూ తీసుకెళ్లారు

మరి అంత వైభవం ఏమైంది? ఆటకి ఏమీ కాలేదు, అది ఇంకా పెద్దదైంది. టాప్ ఫ్యూయల్ కార్లిప్పుడు గంటకి 330 మైళ్లు దాటుతున్నాయి. 2008లో స్కాట్ కలిట్టా అనే డ్రైవర్ మరణించాక వాటి దూరాన్ని పావుమైలు నుంచి వెయ్యి అడుగులకు తగ్గించారు. కరిగిపోయింది ఆట కాదు, ఆ పాత మైదానాలు.

ఒకప్పుడు ఊరవతల పొలాల మధ్య ఉన్న స్ట్రిప్పుల చుట్టూ ఇళ్లు లేచాయి. ఇళ్లలోవాళ్లకి ఆ చప్పుడు గిట్టలేదు. భూమి ధర చుక్కలనంటింది. శాంటా ఆనాలో రేసులు 1959లోనే ఆగాయి, ఆ చోటు పెద్ద విమానాశ్రయమైంది. 1955లో లయన్స్ క్లబ్బుల చేయూతతో మొదలైన లయన్స్ స్ట్రిప్ వంతు 1972 డిసెంబరు 2న వచ్చింది. 'ఆఖరి డ్రాగ్ రేసు' అని ప్రకటించారు. ఆ రాత్రి జనం గోడలు దూకి మరీ వచ్చారు. రేసులు అయిపోయాక ఎవరూ కదల్లేదు. చేతికి దొరికిన బోర్డు ఒకరు, కంచె ముక్క ఒకరు, తారు పెళ్ల ఒకరు... జ్ఞాపకంగా పట్టుకెళ్లారు. పుట్టిల్లు కూలగొడుతుంటే ఇటుకముక్క దాచుకున్నట్టు. తర్వాత ఆ స్థలంలో ఓడరేవు కంటెయినర్లు వచ్చి చేరాయి.

ఆ మనుషులు మళ్లీ కలవడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1992లో బేకర్స్‌ఫీల్డ్ దగ్గరి ఫామోసో స్ట్రిప్‌లో పాత రేసర్ల పునస్సమ్మేళనం మొదలైంది. అది కూడా ఒకప్పటి రన్‌వేనే. 2000లో అక్కడ ఓ వింత వేడుక చేశారు. ఏళ్ల తరబడి షెడ్డుల్లో తుప్పుపట్టిన పాత కార్లను వెతికి, మళ్లీ బాగుచేసి తెచ్చారు. వాటికి సెల్ఫ్ స్టార్టర్లు ఉండవు. ఆ రోజుల్లోలాగే వెనక నుంచి మరో బండి నెట్టింది. లోపల కూర్చున్నవారిలో తలలు నెరిసినవాళ్లెందరో. కాస్త దూరం వెళ్లేసరికి ఇంజిన్ దగ్గింది, ఉమ్మింది, ఒక్కసారిగా గర్జించింది. పొగగొట్టాల్లోంచి మంటలు లేచాయి. పందెం లేదు. ఎవరూ ఎవర్నీ దాటలేదు. కార్లు వరసగా నిలబడి మంటలు కక్కుతుంటే జనం చుట్టూ నిలబడి విన్నారు, అంతే. వాటిలో ఎక్కువ కార్లు ఆడిన మైదానాలు అప్పటికే లేవు.

ఆ చీకట్లో తాతలు కళ్లు తుడుచుకుంటుంటే పక్కనున్న మనవలు 'ఏమైంది తాతా' అని అడిగే ఉంటారు. నైట్రో పొగ కళ్లలో పడితే ఎవరికైనా నీళ్లు వస్తాయి మరి. తాతలకి అంతకన్నా మంచి సాకు ఎక్కడ దొరుకుతుంది!